రానూ పోనూ

మా నాయనమ్మకి దూరం లెక్క వేరు.
పక్కూరు ఒక చుట్ట కాల్చినంత,
రేవు రెండు చుట్టలు,
చేను కూతవేటు.
ఇది ఎన్ని చుట్టలని చెప్పాలో ఆవిడకి, నాకు తెలీదు:
పెర్త్ నుంచి లండన్,
నడుమ ఎక్కడా కాలు మోపకుండా
పద్నాలుగువేల ఐదొందల కిలోమీటర్లు.

నాకొచ్చిన లెక్క ట్రేలది.
మనిషికి రెండు భోజనాలు, మధ్యలో ఒక చిరుతిండి,
పేచీ పెట్టేవాళ్ళ కోసం ఇంకో డజను.
విమానాశ్రయం వెనక నాలుగు డిగ్రీల చలిగదిలో
నీలం టోపీలోకి జుట్టు దోపుకుని
ఆరేళ్ళుగా ఆ దూరాన్ని
రేకుమూతల కింద సర్దుతున్నాను.
ఒక్కసారీ ఎక్కలేదు.

బల్లకి అవతలి పక్క గ్లెనిస్.
రొట్టెలు ఆమె వంతు.
"సముద్రం దాటేసరికి ఇవి రాళ్ళు" అంటుంది రోజూ,
రోజూ సర్దుతుంది.

తొమ్మిదేళ్ళప్పుడు ఓడలో వచ్చిందట,
ఇరవైనాలుగు రోజులు.
మొదటి వారం వాళ్ళమ్మ ఏడ్చింది.
రెండో వారం వాంతులు.
మూడో వారం ఎవరో పేకాట నేర్పారు.
ఫ్రీమాంటిల్ రేవులో దిగేనాటికి
ఏడవాల్సిందంతా నీళ్ళమీదే తీరిపోయిందని
గ్లెనిస్ అంచనా.
అన్న ఇడ్రిస్ మాత్రం రానన్నాడు, పదిహేనేళ్ళవాడు,
అమ్మమ్మ దగ్గరే ఉండిపోయాడు.
ఇప్పుడతనికి డెబ్బైమూడు.

నవంబరులో ఆమె టికెట్టు కొంది.

"పదిహేడు గంటల ఇరవై నిమిషాలు,"
చేతి తొడుగులు ఒలుచుకుంటూ అంది,
"మా అమ్మకి అన్ని రోజులు పట్టిన పని
ఈ కాస్తలో నేనెలా ముగించను?"

నేను ఓదార్పుగా పటం సంగతి ఎత్తుకున్నాను.
గోడమీద తిన్నగా గీసిన గీత పొడుగుదారి,
నారింజపండు మీద దారం లాగి చూడు,
ఒంగినదే దగ్గరిదారి, అని.
ఆమె వినలేదు.
"అది కాదు వకుళా.
దిగాక కార్డిఫ్‌కి రైలుంది. రెండు గంటలు.
నా భయమల్లా ఆ రెండు గంటలే."

ఉప్పు తగ్గించిన భోజనం కాబట్టి
ట్రే మీద పేరు అంటించి ఉంది:
జి. ప్రోథరో, ముప్పైఎనిమిది కె.
లోపల మనది ఏదీ పెట్టకూడదు, పైన కెమెరా.
రొట్టెల గంపలో ఒక్కొక్కటీ నొక్కి చూసి
మెత్తనిది ఏరాను.
అంతే చేయగలిగింది.

పావుతక్కువ ఏడుకి లేచింది, పొద్దు వాలుతుండగా.
పడమటికి పోయే విమానం రాత్రిని వెంటేసుకుని పోతుంది,
ఒక్క రాత్రికి ఎనిమిది గంటలు అతుకేస్తుంది.
పైగా ఎదురుగాలి.
రానూ పోనూ దూరం ఒకటే,
పోవడానికే ఎక్కువసేపు.

మర్నాడు నాకు సెలవు.
తెల్లారింది. అక్కడ ఇంకా రాత్రి.
బట్టలు ఆరేశాను. అదే రాత్రి.
పక్కింటి పిల్లలు చెప్పులు వెతుక్కుని
ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ బడికెళ్ళారు.
ఆమె ఇంకా గాల్లోనే, ముప్పైఎనిమిది కె,
కాళ్ళు వాచి ఉంటాయి.
పప్పు కడిగి పొయ్యెక్కించాను.
పన్నెండూ అయిదుకి కుక్కరు కూత పెట్టింది.
దిగి ఉంటుంది.

ఫోను మోగలేదు.
సూట్‌కేసు కోసం ఎదురుచూపు అనుకున్నాను,
తర్వాత రైలు అనుకున్నాను,
ఇక అనుకోవడానికి ఏమీ మిగల్లేదు.

సాయంత్రం ఐదున్నరకి ఒక్క ముక్క:
"రొట్టె మెత్తగా ఉంది. నీ పనేనా?"

అన్న గురించి ఏమీ లేదు.
అవునని రాశాను, చెరిపేశాను.
ఆ రెండు గంటలు
ఆమెకింకా అయినట్టు లేవు.